పాటల ఇంగ్లీషుతో చదివిన ఉత్తరం

మొన్న కామారెడ్డి బస్టాండ్‌లో ఎల్లారెడ్డి బస్సు కోసం కూర్చున్నాను. పక్కన ఇద్దరు ఆడపిల్లలు, కాలేజీలో కొత్తగా చేరినవాళ్లలా ఉన్నారు. ఒకే ఇయర్‌ఫోన్‌ను చెరో చెవిలో పెట్టుకుని ఏదో ఇంగ్లీషు పాట వింటున్నారు. పాట సాగుతున్నకొద్దీ ఫోన్ తెర మీద మాటలు వెలుగుతున్నాయి. ఒక పిల్ల పాట ఆపుతుంది, తెలియని మాటను నోట్‌బుక్‌లో ఎక్కించుకుంటుంది, మళ్లీ పాట నడిపిస్తుంది. కాసేపటికి నా వైపు తిరిగి, "పెద్దమ్మా, గీ మాటకు అర్థమేంది?" అని అడిగింది. తేలిక మాటే. నాకు బాగా తెలుసు. "తెల్వది బిడ్డా" అని సంచీ తీసుకుని లేచి వెళ్లి ఇంకో బెంచీ మీద కూర్చున్నాను.

ఆ పిల్లలు ఏమనుకున్నారో. నేను ఏడో తరగతి పరీక్షలు రాసిన ఎండాకాలం వాళ్లకు తెలియదు కదా.

అప్పుడు మా ఇల్లు ఎల్లారెడ్డిలో ఉండేది. పెంకుటిల్లు, ముందర అరుగు, వెనక చిన్న పెరడు. మా వైపు తల్లిని అవ్వ అనీ, తండ్రిని బాపు అనీ, తండ్రి తల్లిని బాపమ్మ అనీ పిలుస్తాం. ఇంట్లో అవ్వ, బాపమ్మ, నేను, నాకంటే చిన్నవాడు తమ్ముడు. బాపు దుబాయి పోయి మూడేళ్లయింది. నిజానికి అది దుబాయి కాదు, వేరే దేశం. మా దగ్గర సముద్రం దాటి పనికి పోయిన ప్రతివాడూ దుబాయికే పోయినట్టు. అక్కడ బిల్డింగుల కోసం ఇనుప చువ్వలు వంచి కట్టే పని చేసేవాడు.

అవ్వ బీడీలు చుట్టేది. మా గల్లీలో ఆడవాళ్లందరూ చుట్టేవాళ్లు. పొద్దున్నే తునికాకు తడిపి, గోనెసంచిలో చుట్టి పెట్టేవాళ్లు. ఆకు మెత్తబడ్డాక కత్తెరతో కత్తిరించి, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంటే సాయంత్రం దాకా లేవడం ఉండదు. తడి ఆకు వాసన, పొగాకు ఘాటు, బాపమ్మ తాగే అంబలి పులుపు, ఈ మూడూ కలిసిందే నాకు ఇంటి వాసన. కొత్తగా ఇంట్లోకి వచ్చినవాళ్లు తుమ్మేవాళ్లు. మాకు తుమ్ములు వచ్చేవి కావు.

బాపు దుబాయి పోయిన రెండో ఏడు, ఊరికి తిరిగి వస్తున్న ఒకతని చేతికి టేపురికార్డరు ఇచ్చి పంపాడు. దాన్ని విప్పినప్పుడు అత్తరు వాసన, కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమన్నాయి. బాపమ్మ దానికి బొట్టు పెట్టి దండం పెట్టుకుంది. ఆ రోజు నుంచి గల్లీ ఆడవాళ్లు చాటలు ఎత్తుకుని మా అరుగు మీదికే వచ్చేవాళ్లు. పాట నడుస్తుంటే బీడీల పని తొందరగా తెములుతుందని వాళ్ల నమ్మకం.

క్యాసెట్లకు కొదవ లేదు. అవ్వ తమ్ముడు, మా మామ, కామారెడ్డిలో రైల్వే స్టేషన్ దారిలో ఉన్న ఒక క్యాసెట్ల దుకాణంలో పని చేసేవాడు. ఇంటర్ పరీక్ష తప్పి మళ్లీ రాయకుండా అక్కడ చేరిపోయాడు. ఎవరికి ఏ పాటలు కావాలో చీటీ మీద రాసి ఇస్తే ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి ఇవ్వడం అతని పని. సెలవుల్లో అవ్వతో కలిసి కామారెడ్డి పోతే నేను ఆ దుకాణం గల్లాపెట్టె వెనక స్టూలు మీద కూర్చునేదాన్ని. పక్కన మిర్చిబజ్జీల బండి. మామ నూనె కాగితంలో రెండు బజ్జీలు పెట్టించి, పాట పెట్టి, "ఈ పాటల ఇంగ్లీషు మాటలెన్ని ఉన్నయో లెక్కవెట్టు సూద్దాం" అనేవాడు.

అప్పటి పాటల్లో ఇంగ్లీషు మాటలు కలపడం కొత్త ఫ్యాషన్. పల్లవిలో ఒకటి, చరణంలో రెండు. నేను లెక్కపెట్టేదాన్ని. మామ ఆ మాటల స్పెల్లింగులు చీటీల వెనక రాసి ఇచ్చేవాడు. వాటిని ఇంటికి తెచ్చి నోట్‌బుక్‌లో ఎక్కించేదాన్ని. స్పెల్లింగు మామ చెప్పిందే, అర్థం మాత్రం నేను సొంతంగా తీసిందే. సినిమాలో హీరో ఆ మాట అన్నప్పుడు ఏం చేస్తున్నాడో గుర్తు తెచ్చుకునేదాన్ని. గుండె మీద చెయ్యి పెట్టుకుని పాడాడు కాబట్టి హార్ట్ అంటే ప్రేమ. అలిగిన పిల్ల వెనక తిరుగుతూ అన్నాడు కాబట్టి సారీ అంటే బతిమాలడం. గుంపుగా ఎగురుతూ పాడారు కాబట్టి బాడీ అంటే డాన్సు చేసే మనిషి. రైలు పోతుంటే పాడారు కాబట్టి అవే అంటే దూర దేశం. మిస్ అంటే మాత్రం పాట అక్కర్లేదు, బడిలో కొత్తగా వచ్చిన టీచరమ్మను అలాగే పిలవమన్నారు.

అరుగు మీది ఆడవాళ్లకు ఇదొక వేడుక. బీడీ చుడుతూనే, "ఏ పిల్లా, గా మాటకేంది అర్థం?" అని అడిగేవాళ్లు. నేను నోట్‌బుక్ తెరిచి గొంతు సవరించుకుని చెప్పేదాన్ని. డార్లింగ్ అంటే పెండ్లాం అని చెప్పిన రోజు నవ్వలేక చచ్చారు. మా ఎదురింటి పెద్దమ్మ సాయంత్రం పని నుంచి వచ్చిన మొగుణ్ణి పట్టుకుని, "నేను నీకు డార్లింగునట, ఎన్నడన్న పిలిచినవా?" అని నిలదీసింది. ఆయన ఎండదెబ్బ తగిలిందేమోనని ఉల్లిగడ్డ తెచ్చి వాసన చూపించాడు.

బాపమ్మకు మాత్రం ఈ పాటలు గిట్టేవి కావు. "ఈ కూతలు నేర్సి ఏం జేస్తవే? కార్ఖానల బీడీలు ఇంగ్లీషుల లెక్కవెడ్తరా?" అనేది. అవ్వ తల ఎత్తకుండానే, "సదువనియ్యి అత్తా. ఆయనే రాసిండు గదా సదువుమని" అనేది.

నిజమే, బాపు ప్రతి ఉత్తరంలోనూ అదే రాసేవాడు. ఆయన అక్షరాలు లావుగా, కోడిపిల్లల్లా ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండేవి. "బిడ్డా, ఇక్కడ ఇంగ్లీషు రాని మాలాంటోళ్లు ఏ కాయిదం మీద సంతకం పెడుతున్నరో తెల్వకుంట పెడుతున్నరు. నువ్వు నేర్సుకో. నేనొచ్చినంక నాకు నేర్పు." ఆ మాట నేను గల్లీ అంతా చెప్పుకుని తిరిగాను. బాపుకు నేను పంతులమ్మనని.

ఏడో తరగతి పరీక్షలు అయిపోయి, ఎండలు మండుతున్న రోజుల్లో ఆ ఉత్తరం వచ్చింది. మధ్యాహ్నం. అవ్వ జొన్నరొట్టె, పచ్చిపులుసు ముందు పెట్టుకుని కూర్చుంది. పోస్టుమాన్ అరుగు మీద కవరు పెట్టి, మంచినీళ్లు తాగి, "దుబాయిది" అని పోయాడు. ఎప్పుడూ వచ్చే పలుచటి నీలం కాగితం కాదు, తెల్లటి మందపాటి కవరు. లోపల రెండు కాగితాలు. ఒకటి టైపు కొట్టిన ఉత్తరం. రెండోదాని మీద ఖాళీ గీతలు, కింద సంతకం చోటు. రెండూ ఇంగ్లీషులోనే. బాపు అక్షరం ఒక్కటి కూడా లేదు.

అవ్వ రొట్టె చెయ్యి కడుక్కుని వచ్చింది. కాగితాలను అటూ ఇటూ తిప్పి చూసింది. నా చేతికి ఇచ్చింది.

"సదువు."

బాపమ్మ గోడ పట్టుకుని లేచి వచ్చి నా ముందు కూలబడింది. తమ్ముడు నా భుజం మీదికి వంగాడు. అరుగు మీద చాటలు ఆగిపోయాయి. నాకు ఒళ్లంతా గర్వం. ఇన్నాళ్లకు నిజమైన ఇంగ్లీషు కాగితం నా చేతిలోకి వచ్చింది. లోపలికి పరుగెత్తి నోట్‌బుక్ తెచ్చుకున్నాను.

మొదటి వాక్యం అర్థం కాలేదు. అందులో బాపు పేరు మాత్రం దొరికింది, ఒక అక్షరం తప్పుగా. తర్వాతి వాక్యంలో పాస్ అనే మాట కనిపించింది. దాని పక్కనే అవే. పాసవడమంటే నాకు బడి నుంచే తెలుసు. దూర దేశంలో ఏదో పాసయ్యాడు. ఆ కింద హార్ట్ ఉంది. దాని పక్కన ఫెయిల్ అనే మాట ఉంది, తోక తగిలించుకుని. అక్కడ నా వేలు ఆగింది. పైన పాసైనవాడు కింద ఫెయిలెలా అవుతాడు? ఇంకా కిందికి పోతే బాడీ. ఆ పక్కనే సెండ్ లాంటి మాట, హోం. అది నాకు బాగా తెలిసిన మాట. ఇల్లు.

"బాపును ఇంటికి పంపుతున్నరట" అన్నాను.

"ఎవలు?"

"కంపెనోళ్లు. బాపు ఏందో పరీక్ష పాసైండట. మనను సంతకం పెట్టి పంపుమంటున్నరు."

"ఇంకేం రాసిన్రు?" అంది అవ్వ. ఆమె నా మొహంలోకి చూడడం లేదు, కాగితం మీది నా వేలును చూస్తోంది. ఆ వేలు ఫెయిల్ అన్న మాట మీద ఉంది.

"గంతే" అన్నాను.

తెలియదని చెప్పి ఉండాల్సింది. గల్లీ అంతా చూస్తోంది, బాపమ్మ చూస్తోంది. తెలియదనడానికి నాకు నోరు రాలేదు. ఆ ఒక్క మాటను మింగేశాను.

బాపమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కింది. కొంగుతో కళ్లు తుడుచుకుని నా తలను గుండెకు హత్తుకుంది. "నా బంగారం, నోట్ల చక్కెర పొయ్య" అంది. పొయ్యడానికి చక్కెర లేదు, బెల్లం గడ్డ తెచ్చి నోట్లో పెట్టింది.

ఆ తర్వాత తొమ్మిది రోజులు మా ఇల్లు పండుగ ఇల్లయింది. బాపమ్మ ఎర్రమట్టి తెప్పించి అరుగు అలికించింది. గోడలకు సున్నం పడింది. అటక మీది నులకమంచం దించి నులక బిగించారు. బాపుకు ఇష్టమని సర్వపిండి కోసం బియ్యం పట్టించి పెట్టారు. పెరట్లో తిరిగే కోడిపుంజును ఎవరూ ముట్టుకోవద్దని బాపమ్మ హుకుం. గాంధారి నుంచి మా మేనత్త వచ్చి రెండు రోజులుండి పోయింది. అందరూ నన్నే పిలిచి ఉత్తరంలో ఏముందో చెప్పించుకునేవాళ్లు. చెప్పినకొద్దీ కథ పెరిగింది. బాపు మేస్త్రీ పరీక్ష పాసయ్యాడన్నాను. విమానంలో వస్తాడన్నాను. తమ్ముడు రోజూ బస్టాండ్ దాకా పోయి కామారెడ్డి బస్సు దిగేవాళ్లను చూసి వచ్చేవాడు.

అవ్వ మాత్రం ఈ సందడిలో కలవలేదు. బీడీల పని తగ్గించలేదు. సంతకం పెట్టాల్సిన కాగితాన్ని మడిచి బియ్యం గుమ్మిలో పెట్టింది. "పోస్టు చెయ్యాలె గదా" అని నేనంటే, "మీ మామ రానీ, ఆయన్నడిగి చేద్దం" అంది.

మామ తొమ్మిదో రోజు, ఆదివారం పొద్దున వచ్చాడు. నా కోసం కొత్త పాటల క్యాసెట్ తెచ్చాడు. బాపు వస్తున్నాడని బాపమ్మ గడపలోనే చెప్పేసింది. మామ నవ్వుతూ, "బావ ఉత్తరం ఏదీ, సూడనియ్యి" అన్నాడు. నేను ఉరికి తెచ్చి ఇచ్చాను.

ఆయన నిలబడే చదివాడు. పెదాలు కదులుతున్నాయి. నవ్వు అలాగే మొహం మీద ఉండిపోయింది, కళ్లు మాత్రం మారిపోయాయి. మళ్లీ మొదటి నుంచి చదివాడు. కాగితం పట్టుకుని బయటికి నడిచి, అలికిన అరుగు మీద కూర్చుని, తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

నేను వెనకే పోయాను. "మామా, పాస్ అంటే..."

"పాసు గాదే" అన్నాడు. "ఆ రెండు మాటలు కలిస్తే సచ్చిపోవుడు. గుండె ఆగి సచ్చిపోయిండు."

"ఇంటికి పంపుతున్నం అని ఉంది గదా మామా. బాడీ..."

"బాడీ అంటే మనిషి గాదు బిడ్డా. పీనుగు."

నా వెనక గుమ్మంలో ఏదో పడిన చప్పుడయింది. బాపమ్మ. ఆ తర్వాత ఆ ఇంట్లో లేచిన ఏడుపు గురించి రాయలేను. నాకు గుర్తున్నది ఒకటే. అందరూ ఏడుస్తుంటే అవ్వ బియ్యం గుమ్మి దగ్గరికి పోయి, ఆ రెండో కాగితం తీసి, మడత విప్పి, మామ చేతికిచ్చి, "యాడ పెట్టాలె సంతకం?" అని అడిగింది.

అది శవాన్ని పంపడానికి భార్య ఒప్పుకోలు కాగితం. వెంటనే పంపండి అని ఉత్తరంలో రాశారట. మామ ఆ రోజే తీసుకుని పోయాడు. ఆ తర్వాత ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అక్కడ ఒక ముద్ర కావాలన్నారు, ఇక్కడ ఇంకో ముద్ర కావాలన్నారు. హైదరాబాద్ పోయి రెండు రోజులు చెట్టు కింద పడుకుని వచ్చాడు. మే నెల పోయింది, తొలకరి పడింది, బళ్లు తెరిచారు. బాపు రాలేదు.

పెట్టె వచ్చిన రోజు వాన. హైదరాబాద్ నుంచి వ్యాను భిక్నూర్ మీదుగా కామారెడ్డి వచ్చి, అక్కడి నుంచి మా ఊరికి బురదలో వచ్చింది. పొడవాటి చెక్కపెట్టె, చుట్టూ ఇనుప పట్టీలు, పైన ఇంగ్లీషు కాగితాలు అంటించి ఉన్నాయి. గల్లీ అంతా గొడుగులు, గోనెసంచులు కప్పుకుని నిలబడింది. ఎవరో పెద్దాయన నన్ను ముందుకు తోసి, "ఏం రాసిన్రో సదువు బిడ్డా, మనదేనో కాదో" అన్నాడు. నాకు బాపు పేరు కనిపించింది, ఒక అక్షరం తప్పుగా. పళ్లు బిగపట్టి నిలబడ్డాను. మామ వచ్చి నన్ను పక్కకు లాగి తానే చదివాడు.

బాపమ్మ పెట్టె మీద పడి మూత తియ్యమని గోళ్లతో గీరింది. "ఒక్కపారి నా కొడుకు మొకం సూపియ్యున్రి." వ్యానుతో వచ్చిన మనిషి తల అడ్డంగా ఊపాడు. చాలా రోజులైంది, తెరవకూడదు, తెరిస్తే మీరే చూడలేరు అన్నాడు. ఎన్ని రోజులైందని బాపమ్మ అడిగింది. ఆయన చెప్పాడు. ఆమె వేళ్ల మీద లెక్క వేసుకుని తల తిప్పి నన్ను చూసింది.

"తొమ్మిది దినాలు" అంది. "తొమ్మిది దినాలు నువ్వు తిన్నవ్. నా కొడుకు మొకం నాకు దక్కకుంట జేసినవ్."

బెల్లం పెట్టిన చెయ్యే నా వైపు చాచి అన్నది ఆ మాట. వానలో అంతమంది విన్నారు. అవ్వ పెట్టె పక్కనే కూర్చుని ఉంది. ఒక అరచెయ్యి చెక్క మీద ఆనించి ఉంది. ఆమె బాపమ్మను ఆపలేదు, నా వైపు చూడలేదు.

ఆ తొమ్మిది రోజులు ముందుగా కాగితం పోయి ఉంటే మూత తెరవగలిగేవాళ్లమా? మామ కాదనేవాడు. "ఆఫీసుల్ల ఎన్ని దినాలైందో నేను సూసిన. నీ తొమ్మిది దినాలతోని ఏం గాలేదు" అని ఎన్నోసార్లు చెప్పాడు. బాపమ్మ మాత్రం చచ్చిపోయేదాకా నా చేతి అన్నం తినలేదు. తమ్ముడు పెద్దయ్యాక ఎప్పుడైనా గొడవపడితే అదే మాట తవ్వి తీసేవాడు. నోట్‌బుక్‌ను నేను పొయ్యిలో పెట్టాను. టేపురికార్డరును మేనత్త తీసుకుపోయింది. పదో తరగతిలో ఇంగ్లీషు రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. ఆ తర్వాత పంతం పట్టి నేర్చుకున్నాను, పాటల్లో కాదు, డిక్షనరీలో. ఒక ఆఫీసులో చిన్న ఉద్యోగం వచ్చింది. ఏ కాగితం వచ్చినా ప్రతి మాటకూ అర్థం చూస్తాను. తెలిసిన మాటకు కూడా చూస్తాను. తోటివాళ్లు నవ్వుతారు.

అవ్వ పోయి రెండేళ్లయింది. చివరి ఏడాది నా దగ్గరే ఉంది. బీడీలు మానేసి చాలా కాలమైనా ఆమె బొటనవేలు, చూపుడువేలు ఎప్పుడూ దేన్నో చుడుతున్నట్టు కదులుతూనే ఉండేవి. ఒక మధ్యాహ్నం అన్నం పెట్టుకొస్తుంటే, ఏమీ అడగకుండానే అంది.

"నాకు తెల్సు."

"ఏం తెల్సవ్వా?"

"మీ బాపు ఉత్తరం. టైపు కొట్టిన ఉత్తరం ఏమని వస్తది? గాంధారిల మీ మేనత్త ఇంటి పక్క పిలగాడు దుబాయిల సచ్చినప్పుడు గట్లనే తెల్ల కవరు వచ్చింది, నేను సూసిన. నువ్వు సదువుతుంటే నీ ఏలు ఒక్క కాడ ఆగింది. అప్పుడే తెల్సింది."

కంచం నా చేతిలోనే ఉంది.

"మరి ఎవలకన్నా సూపియ్యకపోతివి? మామ కాడికి తీస్కపోకపోతివి?"

"నువ్వు బాపు వస్తుండన్నవు. ఇల్లంత అలుకుతున్రు. కొన్ని దినాలు గట్లనే ఉండనీ అనుకున్న. నేనే గుమ్మిల పెట్టిన."

"బాపమ్మ నన్నంటుంటే?"

అవ్వ తన చేతుల వైపు చూసుకుంది. వేళ్లు కదులుతున్నాయి.

"చెప్తే నామీదికొస్తుండె. మొగడు లేని దాన్ని, గా ఇంట్ల బతకనిస్తుండెనా మీ బాపమ్మ? నువ్వు పోరివి, ఏడ్చి మర్సిపోతవ్ అనుకున్న."

నాకు కోపం రాలేదంటే అబద్ధం. పదమూడేళ్ల పిల్ల మీద వేసిన బరువు, ముప్ఫై ఏళ్లకు పైగా నేను మోసిన బరువు, సగం ఆమెదట. ఆ సగం ఇప్పుడు, మోసే బలం తనకు లేనప్పుడు, తీసుకుంటానంటోంది. కంచం విసిరికొట్టి బయటికి వెళ్లిపోవాలనిపించింది. గుమ్మం దాకా వెళ్లాను కూడా.

తిరిగి వచ్చి ఆమె ముందు కూర్చుని, అన్నంలో పచ్చిపులుసు పోసి మెత్తగా కలిపాను. ముద్ద చేసి నోటి దగ్గర పెడితే తింది. రెండో ముద్దా తింది. నా మొహంలోకి చూడకుండానే, "ఉప్పు తక్కువైంది" అంది.

లేచి వెళ్లి ఉప్పు తెచ్చాను.